దేవదారు ముందా, గుడ్డిసొర ముందా?

మాల్యవంత రాజ్యపు చిన్న రాకుమారుడు సుషేణుడు జిగురు వర్తకుడి వేషంలో మంచుకడలి తీరం చేరేసరికి, ఆ ఏటికి చివరి సూర్యుడు నీటి అంచున కునుకుతున్నాడు. ఆ దేశంలో చలికాలాన వాలిన పొద్దు మళ్ళీ వసంతం దాకా తలెత్తదు. ఆకాశం సీసపు రేకులా కిందికి దిగి ఉంది. నల్లటి ఇసుక మీద తిమింగిలాల పక్కటెముకలు కూలిపోయిన మండపాల స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లోంచి వీచే గాలి, ఎవరో చచ్చిన ఇంట్లోంచి వచ్చే ఏడుపులా సన్నగా సాగుతోంది.

సుషేణుడికి చలి కంటే తొందర ఎక్కువగా ఉంది. తల్లి పోయిన నాటినుంచి తనను భుజాన మోసి పెంచిన అన్న, మహారాజు హేమాంగదుడు, మాల్యవంతంలో మంచాన పడి ఉన్నాడు. నిండు యౌవనంలో ఉన్న ఆ మహారాజును కంకాళభట్టు అనే మాంత్రికుడు సగం రాజ్యం ఇమ్మని అడిగాడు. ఇవ్వనన్నందుకు అతని యౌవనాన్ని దొంగిలించి తీసుకుపోయాడు. తెల్లవారేసరికి మహారాజు పళ్ళు రాలాయి, వెన్ను వంగింది, చూపు మసకబారింది. సుషేణుడు బయలుదేరే ముందు పాదాలకు దండం పెడితే, "ఎవరు నాయనా నువ్వు? మా తమ్ముడు కనిపిస్తే ఒకసారి రమ్మని చెప్పు" అన్నాడు.

దారిలో ఒక గుహలో తపస్సు చేసుకుంటున్న యోగిని అతనికి ఒక నీలి బాకు, ఒక తెల్లని శంఖం ఇచ్చి ఇలా చెప్పింది: "దొంగిలించిన యౌవనం రాతిలోనో పెట్టెలోనో నిలవదు. దానికి బతికి ఉన్న గుండె కావాలి. ఉత్తర తీరాన రెండు వృద్ధ ప్రాణులున్నాయి. ఒకటి కొండకొమ్మున ఉన్న దేవదారు, రెండోది కడలి అడుగున తిరిగే గుడ్డిసొర. ఆ రెంటిలో ముందు పుట్టిన దాని గుండెలో నీ అన్న యౌవనం ఉంది. ఈ బాకుతో ఆ గుండె చీల్చి, బయటికి వచ్చిన వెలుగును ఈ శంఖంలో పట్టు. తప్పు గుండెను చీల్చావా, ఆ వెలుగు ఉన్నచోటే ఆరిపోతుంది. నీ అన్న ప్రాణం కూడా దాంతోపాటే పోతుంది."

తీరంలో ఉన్నదల్లా ఒకే ఒక్క గుడిసె. దాని ముందు ఒక స్త్రీ బోర్లించిన పడవకు తారు పూస్తోంది. జుట్టు ముప్పాతిక నెరిసింది, ముఖం ఉప్పుగాలికి పగిలిన నేలలా ఉంది. సుషేణుడు జోలె దించి, "అమ్మా, దేవదారు జిగురు కొనడానికి వచ్చాను. కొండ మీది పెద్ద చెట్టుకు దారెటు?" అని అడిగాడు.

ఆమె తల ఎత్తి అతన్ని ఎగాదిగా చూసింది. "జిగురు బేరగాడివా? ఏదీ, సేతులు సూపించు."

అతను చేతులు చాపాడు.

"జిగురు ముట్టినోడి గోళ్ళు సచ్చేదాకా నల్లగానే ఉంటాయి. నీ గోళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరి బాబువి నువ్వు? నిజం సెప్పు, లేకపోతే ఎల్లిపో."

దాచి లాభం లేదని సుషేణుడు ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె పేరు సంద్రాలు. కథంతా విని, తారు కుంచె పక్కన పెట్టింది.

"మా అవ్వ సెప్పేది, ఆ రెండూ ఒక్క తల్లి పిల్లలేనంట. ఒకటి నిలబడిపోనాది. ఇంకోదానికి నిలబడడం సేతకాక తిరుగుతానే ఉంది. రెండూ సలిలోనే బతుకుతాయి. ఓ తరం మనుషులు పుట్టి పోయేసరికి రెండూ కలిసి బెత్తెడు పెరుగుతాయి. ఏది ముందంటే ఎవలికి తెల్సు బాబూ?"

"నీకేమనిపిస్తుంది?"

"సొరే అంటాను. దాన్ని సంపీమంటాను." ఆమె నీళ్ళవైపు ఉమ్మేసింది. "కానీ నా మాట నమ్మొద్దు. మా ఇంటాయన దాన్ని పొడవడానికి ఎల్లి మరి రాలేదు. ఈటె దిగింది. ఆ తాడు ఈయన కాలికి సుట్టుకుంది. దాని తప్పేటీ లేదు, అయినా దాని మీద నాకు కక్ష. అందుకే నమ్మొద్దంటున్నాను."

తన కక్షను తనే బయటపెట్టుకున్న మనిషిని చూసి సుషేణుడికి ధైర్యం వచ్చింది. ముందు చెట్టును చూసి వస్తానన్నాడు. ఆ కొండకొమ్ము సముద్రం మీదికి వంగి ఉంటుందనీ, దాని కిందే పడవతో కాచుకుని ఉంటాననీ, పొద్దు మునగకముందే దిగి రమ్మనీ సంద్రాలు చెప్పింది.

కొండ ఎక్కుతుంటే అడవి మూసుకుపోయింది. ఎటు చూసినా దేవదారులే. నల్లని ఆకుపచ్చ సూదుల్లాంటి ఆకులు, మంచు బరువుకు కిందికి వాలిన కొమ్మలు, ముసుగులు కప్పుకున్న విధవల గుంపులా కదలకుండా నిలబడ్డ మానులు. ఆ అడవిలో పక్షి కూత లేదు. ఒకచోట అడుగు వేసిన మంచు ఒక్కసారిగా జారి, సుషేణుడు లోయ అంచుదాకా దొర్లిపోయాడు. చేతికందిన వేరును పట్టుకుని వేలాడి, పంటి బిగువున పైకి పాకాడు. అతని జోలె మాత్రం తిరుగుతూ తిరుగుతూ చీకటి లోయలోకి వెళ్ళిపోయింది. బాకు, శంఖం, చెకుముకి రాయి మాత్రమే నడుములో మిగిలాయి.

కొండకొమ్మున అడవి ఆగిపోయింది. అక్కడ ఉన్నది ఒక్కటే చెట్టు.

ఏ పిడుగు ఏనాడు కొట్టిందో, పైభాగం సగం ఎండి వెండిలా మెరుస్తోంది. మిగిలిన సగం కాటుకలా నల్లగా, దట్టంగా బతికి ఉంది. మాను చుట్టుకొలత ఒక కోట బురుజంత ఉంది. బెరడు పలకలు పలకలుగా పగిలి, ఆ పగుళ్ళలోంచి జిగురు తేనెలా కారి, చలికి గడ్డకట్టి వేలాడుతోంది. ఆ గడ్డల్లో ఈగలున్నాయి, చీమలున్నాయి, ఒకదాంట్లో నోరు తెరిచిన చిన్న నక్క కూడా ఉంది. అది ఎన్నడు చిక్కిందో గాని, దాని కళ్ళు ఇంకా భయంగానే చూస్తున్నాయి. గాలి వీస్తే ఇతర చెట్లు గలగలమంటాయి. ఈ దేవదారు మాత్రం నిద్రలో ముసలివాడు మూలిగినట్లు లోపల్లోపల మూలిగింది.

చెట్టు మొదట్లో ఒక సన్యాసి పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద కాషాయపు గుడ్డ తప్ప మరేమీ లేదు.

"రా నాయనా సుషేణా," అన్నాడతను కళ్ళు తెరవకుండానే. "నీ అన్న కోసం వచ్చావని తెలుసు. ఏ గుండెను చీల్చాలో తెలియక తడబడుతున్నావు కదూ?"

సుషేణుడు ఆశ్చర్యపోయి చేతులు జోడించాడు. "స్వామీ, మీకు తెలిస్తే సెలవివ్వండి."

సన్యాసి లేచి, గాలివానకు విరిగిపడిన ఒక కొమ్మ మొదలును చూపించాడు. దాని విరుపు మీద వలయంలో వలయం, వెంట్రుక కంటే సన్నని గీతలు. సుషేణుడు లెక్కపెట్టబోయాడు. కళ్ళు చెదిరాయి గాని గీతలు తరగలేదు.

"ఇది ఒక కొమ్మ మాత్రమే. మానులో ఎన్ని ఉంటాయో ఊహించుకో. ఒక్కొక్క గీత ఒక్కొక్క ఏడు. కరువు వచ్చిన ఏడు సన్నగా, వాన కురిసిన ఏడు లావుగా, నిప్పు అంటుకున్న ఏడు నల్లగా. చెట్టు తన బతుకంతా తనలోనే దాచుకుంటుంది. మరి సొర? అది ఆకలికి తిరుగుతుంది, తిరిగినందుకు మళ్ళీ ఆకలేస్తుంది. కదిలే ప్రాణి ఖర్చయిపోతుంది నాయనా. కదలని ప్రాణి కూడబెడుతుంది. ఏది ఎక్కువకాలం బతుకుతుందో నువ్వే చెప్పు."

"సొరకు కూడా ఇలాంటి గుర్తులు ఉండవా స్వామీ?"

"నీళ్ళలో గుర్తులెక్కడివి? పొడువు. ఇదిగో, ఇక్కడ బెరడు పలచగా ఉంది. లోపల ఉన్నదే చేవ. చెట్టుకు అదే గుండె."

మాటలు సబబుగానే తోచాయి. సుషేణుడు నీలి బాకు దూసి, సన్యాసి చూపిన చోట బెరడు తడిమి మొన ఆనించాడు. అతని ఊపిరి పొగలా వెలువడి బాకు అలుగు మీద మసక పేరింది. సన్యాసి అతని భుజం మీదుగా, అదే అలుగు మీదికి ముఖం వంచి, "పొడువు! పొడువు!" అంటున్నాడు. ఆ నోటినుంచి మాత్రం పొగ రావడం లేదు. అంత చలిలో, చెంప పక్కనే ఉన్న నోట్లోంచి ఇసుమంత ఆవిరి కూడా లేదు.

సుషేణుడు మాయ పసిగట్టాడు. చటుక్కున వెనుదిరిగి బాకుతో అడ్డంగా నరికాడు. కాషాయపు గుడ్డ రెండుగా చీలింది. అందులో ఒళ్ళు లేదు. బూడిద, కాకి ఈకలు గుప్పుమని లేచి గాలిలో కలిసిపోయాయి.

చెట్టు తొర్రలోంచి కంకాళభట్టు నవ్వు వినిపించింది. "తెలివిగలవాడివే! ఆ తెలివితోనే ఇక్కడ నిలబడిపో, ఆ నక్కకు తోడుగా!"

పగుళ్ళలో గడ్డకట్టిన జిగురంతా ఒక్కసారిగా కరిగింది. బుసబుస పొంగుతూ నలువైపులనుంచీ దిగి వచ్చి సుషేణుడి పాదాలు పట్టుకుంది. కాలు ఎత్తబోతే రాలేదు. మడమలు మునిగాయి, పిక్కలు మునిగాయి. మోకాళ్ళదాకా వచ్చిన జిగురు అప్పుడే అంచుల్లో గట్టిపడుతోంది. ఇంకొంచెంసేపు ఆగితే తాను కూడా కళ్ళు తెరిచి చూస్తూనే బొమ్మైపోతాడు. అతను ఆలోచించలేదు. నడుములోంచి చెకుముకి తీసి బాకు వెన్ను మీద కొట్టాడు. నిప్పురవ్వ రాలింది. ఎండిన సూదుల మీద పడి, జిగురు మీదికి పాకి, భగ్గుమంది.

మంట కాళ్ళను చుట్టుకుంది. జిగురు పలచబడింది. సుషేణుడు అరుస్తూనే పాదరక్షల్లోంచి కాళ్ళు ఊడబెరుక్కుని, అంచు దగ్గరికి పరుగెత్తి, మండుతున్న బట్టలతో సముద్రంలోకి దూకేశాడు.

నీళ్ళు వెయ్యి సూదులై గుచ్చుకున్నాయి. మునిగి తేలేసరికి ఒక గాలపు కర్ర వచ్చి అతని అంగీకి తగులుకుంది. సంద్రాలు అతన్ని చేపను లాగినట్లు పడవలోకి లాగి, గొంగడి కప్పింది. తరవాత తల ఎత్తి పైకి చూసింది.

కొండకొమ్మున దేవదారు నిలువునా మండుతోంది. సీసపు ఆకాశం కింద అదొక్కటే ఎర్రగా వెలుగుతోంది. కొమ్మలు పెళపెళ విరిగి, నిప్పు తోరణాల్లా తెగి సముద్రంలో పడి చుయ్‌మంటున్నాయి.

"కాల్చేసినావా బాబూ?" అంది సంద్రాలు మెల్లగా. "మా పడవలు, మా ఇళ్ళు, మా పాడెలు, అన్నీ దాని పిల్లలతో సేసుకున్నవే. దాని మీద ఎవలూ ఎప్పుడూ గొడ్డలి ఎయ్యలేదు."

సుషేణుడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "వేరే దారి లేకపోయిందమ్మా. కంకాళభట్టు మాయసన్యాసిగా వచ్చి చెట్టును పొడవమన్నాడు కనక సొరే ముందు పుట్టిందని అనుకోవచ్చు. కాని నేను వాడి మోసం పసిగడతానని ముందే ఎంచి, కావాలని నిజమే చెప్పి ఉంటే? అప్పుడు అన్న యౌవనం ఆ మంటల్లోనే కాలిపోతోంది. తేల్చుకునే దారి ఏదైనా ఉందా? చెప్పమ్మా, ఏదైనా సరే!"

సంద్రాలు మండే చెట్టుకేసి చూస్తూ ఆలోచించింది.

"మా పాతోళ్ళు ఈ ఒడ్డుకి వచ్చినప్పుడు ఇక్కడ సెట్టన్నదే లేదంట. తోలు పడవలు, తిమింగిలం ఎముకతో ఈటెలు. సెట్లన్నిట్లో ఆ దేవదారే ముందు మొలిసింది. అది మొలిసిన ఏడే ఎముక ఈటెలు మానేసినారంట. అది ఎదిగి, పిల్లలు పెట్టి, అడవైనాకే మాకు కర్ర ఈటెలొచ్చాయి. ఆ సొర ఈపు నిండా ఈటెలే బాబూ. అందరూ పొడిసినోళ్ళే. నాకు కనిపించినవన్నీ కర్రవే. కర్రవి కాక ఎముకది ఒక్కటైనా లోపలుంటే…"

"చెట్టు మొలవకముందే సొర ఉన్నట్లు!" సుషేణుడు గొంగడి విసిరేశాడు. "దాన్ని పైకి రప్పించగలవా?"

ఆమె పడవ అడుగునుంచి కుళ్ళిన మాంసపు మూట తీసి, తాడుకు కట్టి, నీళ్ళలోకి జారవిడిచింది. సూర్యుడి చివరి తునక నీటి అంచున ఎర్రని గోరులా మిగిలి ఉంది. మంచుపలకలు ఒకదానికొకటి రాసుకుంటూ కీచుమంటున్నాయి.

ముందు వాసన వచ్చింది, పాత అశ్వశాలలోని ఉచ్చ వాసన. తరవాత పడవ కింద నీరు నల్లబడింది. ఆ నలుపు మెల్లమెల్లగా ఆకారం తెచ్చుకుంది. దూలంలాంటి మొద్దు ముట్టె, చిన్న చిన్న రెక్కలు, చూపులేని తెల్లని కళ్ళు. ఒక్కొక్క కంటికి ఒక్కొక్క పురుగు అతుక్కుని దారపు పోగులా వేలాడుతోంది. ఒళ్ళంతా బూడిదరంగు, పొడుగునా పగుళ్ళు. అది ఈదుతోందంటే నమ్మడం కష్టం. ఏదో పెద్ద మాను కూలి, నీటి అడుగున నిద్రపోతూ కొట్టుకొస్తున్నట్లుంది.

సుషేణుడు నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస సంద్రాలు చేతిలో పెట్టి, నీళ్ళలోకి జారాడు. సొర వీపు మీద చెయ్యి వేయగానే ఉలిక్కిపడ్డాడు. కాసేపటి క్రితం కొండ మీద తాను ముట్టుకున్న బెరడే అది. అదే గరుకు, అవే పలకలు, అదే కదలని చల్లదనం. అరచేతులు కోసుకుపోయి నెత్తురు కారినా వదలకుండా వెతికాడు. ఒకటి కాదు, రెండు కాదు, విరిగిన ఈటెలు పొదలా ఉన్నాయి. అన్నీ దేవదారు కర్రలే. కొన్ని పట్టుకుంటే పిండిలా రాలిపోయాయి. చెట్టు గీతల్లో దాచుకున్న వయసును ఈ ప్రాణి గాయాల్లో దాచుకుంది. నీళ్ళలో గుర్తులుండవన్న మాయసన్యాసి మాట అబద్ధమని అతనికి అర్థమైంది.

తల పైకెత్తి ఊపిరి పీల్చుకుని, "రాగి కట్టు ఉన్న ఈటె ఒకటి ఉందమ్మా," అన్నాడు.

సంద్రాలు తాడును చేతికి మెలేసుకుంది. "అది మా ఇంటాయనది," అంది. పడవ అంచు మీదినుంచి వంగి, మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, సొర వీపును తడిమింది. రాగి కట్టు దొరికింది. దాని చుట్టూ కండ ఎన్నడో పూడుకుపోయి నున్నగా అయిపోయింది.

"ఇన్నేళ్ళూ దీన్ని తిట్టుకుంటా కూకున్నాను," అంది ఆమె. "దీనికి తెలీనే తెలీదు."

సుషేణుడు మళ్ళీ మునిగాడు. తల వెనక, రెక్క పైభాగాన, వీపు మీద ఒక పెద్ద బుడిపె ఉంది. బాకు మొనతో పైతోలు చీల్చాడు. లోపల ఏదో తెల్లగా తగిలింది. వేళ్ళు దూర్చి పట్టుకుని గుంజాడు. అరచేయంత ముక్క ఊడి వచ్చింది. ముళ్ళు ముళ్ళుగా చెక్కిన ఈటె మొన. కర్ర కాదు. పైకి తెచ్చి సంద్రాలుకు అందించాడు. ఆమె దాన్ని పంటితో కొరికి చూసింది.

"ఎముకే," అంది. ఆ గొంతులో సంతోషం లేదు. "సొరే ముందు బాబూ. కానీయ్ మరి."

సుషేణుడికి ఒక్కక్షణం ప్రాణం లేచివచ్చింది. మంటల్లో కాలుతున్నది అన్న యౌవనం కాదు! మూడోసారి మునిగి, సొర పొట్ట కిందికి ఈదాడు. చెవి ఆనిస్తే గుండె చప్పుడు వినిపించింది. ఒకటి కొట్టాక రెండోది కొట్టేలోగా అతని ఊపిరి సగం అయిపోయింది. ఆ రెండో చప్పుడు మీద గురిపెట్టి నీలి బాకును పిడిదాకా దించేశాడు.

సొర గింజుకోలేదు. తెల్లని కన్ను ఒకటి మెల్లగా అతనివైపు తిరిగింది, అంతే. గాయంలోంచి నెత్తురుకు ముందు వెలుగు వచ్చింది. పొద్దుపొడుపు రంగులో, గోరువెచ్చగా, బతికి ఉన్న చేపపిల్లలా మిలమిలలాడుతూ వచ్చింది. సుషేణుడు శంఖం అడ్డుపెట్టి దాన్ని పట్టుకుని, మూతి అరచేత్తో బిగించాడు. బాకు సొర గుండెలోనే ఉండిపోయింది. ఆ మహాకాయం పక్కకు ఒరిగి, ఈటెల పొదతో, రాగి కట్టుతో సహా, తొందరేమీ లేనట్లు చీకటి అడుగుకు దిగిపోయింది.

"బాబూ! పైకి రా! ఎవలో వచ్చేత్తున్నారు!"

నీటిపైకి తల ఎత్తేసరికి దూరాన డప్పుల చప్పుడు. మంచుపలకల మధ్యనుంచి నల్లని పడవలు వస్తున్నాయి. తోలు తెరచాపలు, తెడ్ల దగ్గర తలలు వంచుకుని కూర్చున్న శవాలు. ముందు పడవ కొసన కంకాళభట్టు నిలబడి ఉన్నాడు. ఈసారి మాయ కాదు. వాడి నోటినుంచి పొగలు వస్తున్నాయి.

సంద్రాలు రెండు చేతులతో తాడు లాగుతోంది. అంత చలిలోనూ ఆమె ఒళ్ళు చెమటతో ఆవిరులు కక్కుతోంది. సుషేణుడి ఒళ్ళు మాత్రం మంచుముద్దలా బిగుసుకుపోయింది. పడవ అంచు పట్టుకుని శంఖం పైకెత్తాడు. లోపలి వేడికి, బయటి చలికి, ఆ తెల్లని శంఖం ఠప్పుమని నిట్టనిలువునా పగిలింది.

వెలుగు గాలిలోకి చిమ్మింది. ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్లు వణికింది. సుషేణుడు గుప్పిళ్ళు చాచాడు. అతని చల్లని వేళ్ళ మధ్యనుంచి జారి, వెచ్చదనం ఉన్న వైపు తిరిగి, అతని మీదికి వంగి ఉన్న సంద్రాలు రొమ్ములోకి దూరిపోయింది.

ఆమె వెనక్కి పడింది. సుషేణుడు ఎలాగో పడవలోకి పాకి, "అమ్మా!" అని పిలవబోయాడు. లేచి కూర్చున్న స్త్రీకి తన వయసే ఉంటుంది. జుట్టు తుమ్మెద రెక్కలా నల్లగా మెరుస్తోంది. ఉప్పుగాలికి పగిలిన ముఖం నున్నబడింది. ఆమె తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. చూసుకుంటూ పకపక నవ్వింది. సుషేణుడు ఆ నవ్వు గుర్తుపట్టాడు. చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని తోటలో పరుగెత్తుతూ అన్న నవ్విన నవ్వది. అచ్చంగా అదే.

ఆమెకు కూడా ఆ నవ్వు కొత్తగా తోచింది కాబోలు, సగంలో ఆపేసింది. డప్పులు దగ్గరవుతున్నాయి. కంకాళభట్టు శూలం ఎత్తాడు. వాడు చూపినచోటల్లా నీరు పెటపెటమంటూ గడ్డకడుతోంది. ఆమె తెడ్డు అందుకుని వేసింది. ఒక్క వేటుకు పడవ బాణంలా ముందుకు దూకింది. ఎదురుగా రెండు మంచుకొండల మధ్య పడవ పట్టేంత సందు. దాని అవతల దక్షిణానికి పోయే దారి.

"బాబూ," అంది తెడ్డు ఆపకుండా. "ఇది మీ అన్నది కదా. మీ ఊరెల్తే ఇచ్చీవలసిందే కదా."

"అవును."

"నా లోపల్నుంచి ఎలాగ తీత్తారు?"

సుషేణుడు వెనక్కి చూశాడు. గుండె చీలిన సొర మునిగిన చోట నీరు అప్పుడే మంచుపొరై మూసుకుపోతోంది. కొండ మీద దేవదారు నడుము విరిగి, నిప్పుల వానతో సముద్రంలోకి ఒరుగుతోంది.

"ఏదో దారి ఉంటుంది," అన్నాడు. "యోగినిని అడుగుదాం. నొప్పి తెలియకుండా తీసే మంత్రమేదో ఆమెకు తెలిసే ఉంటుంది."

ఆమె అతని కళ్ళలోకి ఒకసారి చూసి, ముఖం తిప్పుకుంది.

"అబద్ధం సెప్పడం నీకు సేతకాదు బాబూ. ఆ రెండో తెడ్డు తీసి ఎయ్యి. సందు మూసుకుపోతంది."

సుషేణుడు తెడ్డు తీసుకున్నాడు. నీటి అంచున మిగిలిన ఎర్రని గోరు ఆరిపోయింది. రెండు తెడ్ల చప్పుడుతో పడవ మంచుకొండల మధ్య చీకట్లోకి దూరింది.